తొడ మీద ఒకే పోటు: పదిహేడేళ్ల నిందితుడిని పెద్దవాడిగా విచారించిన ఒక కేసు

పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసులో హత్య వంటి నేరం చేసినవారిని పెద్దవారితో సమానంగా విచారించవచ్చా అన్న ప్రశ్నకు 2015 నాటి బాల న్యాయ చట్టం ఒక సమాధానం ఇచ్చింది. ఆ సమాధానం ఆచరణలో ఎలా నడుస్తుందో, ఉచిత న్యాయసహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాదిగా నేను మొదటి రోజు నుంచి చివరి వరకూ నడిపిన ఒక కేసు ఆధారంగా ఇక్కడ రాస్తున్నాను. బాలుడి గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టంలోని సెక్షన్ 74 నిషేధిస్తుంది కాబట్టి ఊరు, పేర్లు ఇవ్వడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

ఘటన

2018లో మహాశివరాత్రి ఫిబ్రవరి 13న వచ్చింది. గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో, శివాలయం వెనుక వీధిలో, జాగరణ చేస్తున్న కుర్రవాళ్లు దీపం కింద క్యారమ్స్ ఆడుతున్నారు. వారిలో ఒక పందొమ్మిదేళ్ల యువకుడికీ, ఇంటర్ మధ్యలో మానేసి సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో పనికి కుదిరిన ఈ బాలుడికీ ఒక ఫోను రిపేరు డబ్బుల దగ్గర మాటామాటా పెరిగింది. పెద్దవాడు చెప్పు తీసి బాలుడిని చెంప మీద కొట్టాడు. చుట్టూ ఉన్న పది పన్నెండు మంది నవ్వారు. బాలుడు మారు మాట్లాడకుండా ఇంటికి వెళ్లి, సుమారు ఇరవై నిమిషాల తర్వాత కూరలు తరిగే చాకుతో తిరిగివచ్చి, బల్ల మీద కూర్చుని ఉన్న ఆ యువకుడి ఎడమ తొడ మీద ఒకే ఒక్క పోటు పొడిచాడు.

ఆ పోటుకు తొడలోని ప్రధాన ధమని తెగింది. నెత్తురు ఆగకపోవడం చూసి కంగారుపడ్డ కుర్రవాళ్లు అతన్ని ఆటోలోకి ఎక్కించారు. ఎక్కించిన చేతుల్లో పొడిచిన బాలుడి చేతులు కూడా ఉన్నాయని ముగ్గురు సాక్షులు తర్వాత చెప్పారు. ఆసుపత్రికి చేరిన కొద్దిసేపటికే, అధిక రక్తస్రావంతో ఆ యువకుడు చనిపోయాడు. బాలుడు ఎక్కడికీ పారిపోలేదు, తెల్లవారేసరికి పోలీసులు అతన్ని ఇంట్లోనే పట్టుకున్నారు. ఎఫ్ఐఆర్ భారత శిక్షాస్మృతి సెక్షన్ 302 కింద, అంటే హత్యగా, నమోదైంది. పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం అప్పటికి అతని వయసు పదిహేడేళ్ల మూడు నెలలు, దాని మీద ఎవరికీ వివాదం లేదు.

చట్టం ఇక్కడికి ఎలా వచ్చింది

2000 నాటి చట్టం కింద పద్దెనిమిదేళ్ల లోపువారు ఎంత పెద్ద నేరం చేసినా, నేరం రుజువైన బాలలను ఉంచే ప్రత్యేక గృహంలో గరిష్ఠంగా మూడేళ్లు ఉంచడం తప్ప మరో శిక్ష లేదు. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచారం కేసులో నిందితుల్లో ఒకడికి పద్దెనిమిదేళ్లు నిండడానికి కొన్ని నెలలే తక్కువ. 2013 ఆగస్టు 31న అతనికి మూడేళ్లు పడ్డాయి. వయసు పరిమితిని పదహారుకు తగ్గించాలన్న డిమాండును, ఆ ఘటన తర్వాత చట్టాల మార్పుల కోసం ప్రభుత్వం వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ అంగీకరించలేదు. 2013లో సలీల్ బాలి కేసులోనూ, 2014లో సుబ్రమణ్యస్వామి వేసిన కేసులోనూ సుప్రీంకోర్టు పద్దెనిమిదేళ్ల పరిమితిని కదపలేదు. కానీ 2015 డిసెంబరు 20న ఆ నిందితుడు విడుదలయ్యాడు, రెండు రోజుల తర్వాత, 22న, రాజ్యసభ కొత్త బిల్లును ఆమోదించింది. 2016 జనవరి 15 నుంచి అది అమల్లోకి వచ్చింది.

కొత్త చట్టం నేరాలను చిన్న, తీవ్ర, ఘోర నేరాలని మూడుగా విడదీసింది. కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్నవి ఘోర నేరాలు. పదహారేళ్లు నిండినవారు ఘోర నేరం చేశారన్న ఆరోపణ ఉంటే, సెక్షన్ 15 ప్రకారం బాల న్యాయ మండలి (ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండేది) ఒక ప్రాథమిక అంచనా వేస్తుంది. ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం బాలుడికి ఉందా, దాని పర్యవసానాలు అర్థం చేసుకోగలడా, నేరం ఏ పరిస్థితుల్లో జరిగింది అన్న మూడు అంశాలను చూసి, అవసరమనిపిస్తే పెద్దవాడిగా విచారించడానికి కేసును బాలల న్యాయస్థానానికి పంపుతుంది. ఇది విచారణ కాదని ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. ఆచరణలో మాత్రం బాలుడి భవిష్యత్తులో అత్యధిక భాగం ఈ మెట్టు దగ్గరే తేలిపోతుంది.

నలభై నిమిషాల అంచనా

మా బాలుడిని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. అక్కడ ఒక వైద్యుడు అతనితో సుమారు నలభై నిమిషాలు గడిపి, ఒక ప్రజ్ఞా పరీక్ష నిర్వహించి, ఒక పేజీ నివేదిక ఇచ్చారు. ప్రజ్ఞ సగటు స్థాయిలో ఉంది, మానసిక వ్యాధి లక్షణాలు లేవు, నేరం చేయగల సామర్థ్యం ఉంది, పర్యవసానాలు తెలుసు అన్నది దాని సారాంశం. పర్యవసానాలు తెలుసని ఎలా తేల్చారో నివేదికలోనే ఉంది. "కత్తితో పొడిస్తే మనిషి చనిపోతాడని నీకు తెలుసా?" అని అడిగారు. "తెలుసు" అన్నాడు.

విచారణ కాలంలో బాలలను ఉంచే పరిశీలక గృహంలో నేను అతన్ని కలిసినప్పుడు అదే ప్రశ్నను కొంచెం మార్చి అడిగాను. "కడుపులో పొడిస్తే చచ్చిపోతారని తెలుసు సార్. కాల్లో పొడిస్తే చచ్చిపోతారని తెలీదు. ఇంక నడవలేడు, అందరి ముందూ కుంటుతూ వెళ్తాడు అనుకున్నాను" అన్నాడు. ఈ మాటల్లో క్రూరత్వం ఉంది, నేను దాన్ని తగ్గించి చెప్పను. ఒక మనిషిని నలుగురి ముందు కుంటిస్తానని చాకు తీసుకుని వెళ్లినవాడు శిక్షకు అర్హుడే. కానీ మండలి తేల్చవలసింది పర్యవసానాలను అర్థం చేసుకునే శక్తి గురించి. ఆ విషయంలో ఈ రెండు సమాధానాల మధ్య ఉన్న దూరమే అసలు కేసు. ఆ దూరం వైద్యుడి నివేదికలో ఎక్కడా లేదు.

ప్రొబేషన్ అధికారి ఇచ్చిన సామాజిక పరిశోధన నివేదిక మాత్రం నాలుగు పేజీలు. నా అనుభవంలో ఇలాంటివి చాలావరకు గళ్లు నింపిన ఫారాలుగా వస్తాయి. ఈమె ఆ వీధికి మూడుసార్లు వెళ్లారు. తండ్రి లారీ మీద వెళ్లి రెండేళ్లుగా తిరిగి రాలేదని, తల్లి రైస్ మిల్లులో కూలికి వెళుతుందని, బాలుడు తన జీతం మొత్తం తల్లికే ఇచ్చేవాడని, అంతకుముందు అతని మీద ఏ ఫిర్యాదూ లేదని రాశారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఇరవై నిమిషాల్లో ఇంట్లో ఏం జరిగిందో అతని పదమూడేళ్ల చెల్లెలిని అడిగారు. అన్న వచ్చి నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి చెంప కడుక్కుంటూనే ఉన్నాడని, ఎందుకని అడిగితే పలకలేదని, తర్వాత లోపలికి వచ్చి చాకు తీసుకున్నాడని ఆ పిల్ల చెప్పింది.

ప్రాసిక్యూషన్ వాదన అంతా ఆ ఇరవై నిమిషాల మీదే నడిచింది. కోపం చల్లారడానికి కావలసినంత సమయం ఉంది కాబట్టి ఇది ముందుగా ఆలోచించి చేసిన పని అన్నారు. పెద్దవారి విషయంలో ఆ వాదన బలమైనది. కౌమారంలో ఉన్నవారి మెదడు గురించి ఇప్పుడు తెలిసిన విషయాలు మాత్రం దానిని యథాతథంగా ఒప్పుకోనివ్వవు. ఉద్వేగాన్ని అదుపు చేసి ముందూవెనకా చూసే మెదడు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. పదిహేడేళ్లవాడు ఒంటరిగా, నిమ్మళంగా కూర్చుని పెద్దవాడిలాగే ఆలోచించగలడు. తోటివారి ముందు అవమానపడ్డప్పుడు అదే బుర్ర అలా పనిచేయదు. వైద్యుడి గదిలో కూర్చుని ఇచ్చిన సమాధానం మొదటి స్థితికి చెందినది, నీళ్ల డ్రమ్ము దగ్గర గడిచిన ఇరవై నిమిషాలు రెండో స్థితికి చెందినవి.

మూడు నెలల్లో పూర్తి కావలసిన అంచనా అయిదో నెలలో పూర్తయింది. మూడు పేజీల ఉత్తర్వులో మండలి ప్రజ్ఞా పరీక్ష ఫలితాన్ని, "తెలుసు" అన్న సమాధానాన్ని, ఇరవై నిమిషాల విరామాన్ని ఆధారం చేసుకుని కేసును బాలల న్యాయస్థానానికి పంపింది. ప్రొబేషన్ అధికారి నివేదికను "పరిశీలించడమైనది" అన్న ఒక్క మాటతో దాటేశారు. సెక్షన్ 101 కింద మేము వేసిన అప్పీలు కొట్టివేశారు. సెక్షన్ 19 ప్రకారం బాలల న్యాయస్థానం మళ్లీ స్వతంత్రంగా అంచనా వేయాలి. ఆ పని ఒక వాక్యంలో ముగిసింది.

ఇవన్నీ 2018 నాటి సంగతులు. 2022 జూలై 13న, గురుగ్రామ్ పాఠశాలలో జరిగిన హత్య కేసులో తీర్పునిస్తూ సుప్రీంకోర్టు ఇలాంటి అంచనాల లోపాలనే ఎత్తిచూపింది. ప్రజ్ఞా పరీక్ష ఒక్కటే చాలదని, నేరం చేయగల సామర్థ్యమూ పర్యవసానాలను అర్థం చేసుకోవడమూ ఒకటి కావని, పర్యవసానాలంటే ఆ క్షణాన జరిగేవే కాక బాధితుడి కుటుంబానికీ తనకూ తనవారికీ ముందుముందు జరగబోయేవి కూడా అని, మండలిలో బాలల మనస్తత్వ శాస్త్రం చదివిన సభ్యులు లేనప్పుడు నిపుణుల సహాయం తప్పనిసరి అని చెప్పింది. సెక్షన్ 19 కింద చేయవలసిన పరిశీలన తంతు కాదని 2023లో అజిత్ గుర్జర్ కేసులో స్పష్టం చేసింది. ఆ రెండు తీర్పులూ ముందే ఉంటే మా ఉత్తర్వు నిలిచేది కాదని నా నమ్మకం.

హత్య కాదని తేలాక

విచారణ కోవిడ్ వల్ల ఆగుతూ నడిచి 2020 డిసెంబరులో ముగిసింది. ఒకే పోటు, అదీ తొడ మీద, పొడిచిన వెంటనే ఆటో ఎక్కించడానికి సాయపడడం, పారిపోకపోవడం చూసి న్యాయస్థానం చంపే ఉద్దేశం రుజువు కాలేదని, అయితే అలాంటి గాయం వల్ల మరణం సంభవించవచ్చన్న ఎరుక ఉందని తేల్చింది. అంటే నేరం సెక్షన్ 302 కాదు, హత్య కిందకు రాని నరహత్యకు సంబంధించిన సెక్షన్ 304 రెండో భాగం. శిక్ష ఏడేళ్లు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సెక్షన్ 304 రెండో భాగానికి గరిష్ఠ శిక్ష పదేళ్లే తప్ప కనీస శిక్ష లేదు. కనీస శిక్ష లేని నేరాలు ఘోర నేరాలు కావని, వాటిని తీవ్ర నేరాలుగానే చూడాలని శిల్పా మిట్టల్ కేసులో 2020 జనవరి 9న సుప్రీంకోర్టు చెప్పింది, 2021 సవరణతో పార్లమెంటు కూడా ఆ మాటనే చట్టంలో చేర్చింది. తీవ్ర నేరం చేసిన బాలుడిని పెద్దవాడిగా విచారించే వీలే లేదు. అతనికి గరిష్ఠంగా మూడేళ్ల ప్రత్యేక గృహమే. ఈ లెక్కన, పోలీసులు ఆ రాత్రి ఎఫ్ఐఆర్‌లో 302కు బదులు 304 రెండో భాగం అని రాసి ఉంటే ప్రాథమిక అంచనా అన్నదే ఉండేది కాదు. చివరికి న్యాయస్థానమే అది 304 అని తేల్చింది, అయినా శిక్ష మాత్రం 302 ఆరోపణ తెరిచిన దారిలోనే పడింది. ఈ వాదన నేను వినిపించాను. కేసు పంపిన నాటి ఆరోపణే ప్రమాణమని న్యాయస్థానం తోసిపుచ్చింది. దాని మీద పైకోర్టులో అప్పీలు వేశాము.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా పరిస్థితి ఇదే. హత్య సెక్షన్ 103 కిందకు, నరహత్య సెక్షన్ 105 కిందకు మారాయి. సెక్షన్ 105 మొదటి భాగానికి అయిదేళ్ల కనీస శిక్ష వచ్చింది గాని అది ఏడేళ్ల గీత దాటదు.

పందొమ్మిదేళ్లవాడి తల్లి

చనిపోయిన యువకుడి తల్లి దాదాపు ప్రతి వాయిదాకూ వచ్చేది. నేను నిందితుడి తరఫు న్యాయవాదిని కాబట్టి ఆమెతో మాట్లాడకుండా తప్పుకునేవాడిని. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున ఆమే నన్ను వరండాలో ఆపి, "లాయరు గారూ, వాడికి పద్దెనిమిది రాలేదని మీరింత వాదిస్తున్నారు. మావాడికి పందొమ్మిది. వాడూ పిల్లాడే కదండీ. వాడికోసం ఏ చట్టమూ లేదా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. సెక్షన్ 15 కింద అంచనా వేసేటప్పుడు మృతుడి కుటుంబం మాట కూడా వినాలని చట్టం చెప్పదు. నేర విచారణ స్మృతి సెక్షన్ 357ఏ కింద ఆమెకు పరిహారం కోరే హక్కు ఉందని దాదాపు ఏడాదిపాటు నాతో సహా ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆ తర్వాత మా సంస్థ నుంచి మరో న్యాయవాది ఆమె తరఫున దరఖాస్తు వేశారు. ఆ ఆలస్యంలో నా వాటా ఉందని నేను ఒప్పుకుంటున్నాను.

మూడేళ్ల గరిష్ఠ పరిమితి మీద ప్రజల్లో ఉన్న కోపాన్ని కేవలం పగ అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించకపోవడానికి కారణం ఆమె. 2022లో హైదరాబాద్ జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో అయిదుగురు మైనర్లలో నలుగురిని పెద్దవారిగా విచారించాలని మండలి చెప్పినప్పుడు గాని, 2024 మేలో పుణెలో కారు ఢీకొట్టి ఇద్దరిని చంపిన మైనరుకు వ్యాసం రాయమనే షరతుతో బెయిలిచ్చినప్పుడు గాని, జనం అడిగింది ఒకటే. పోయిన ప్రాణానికి ఈ వ్యవస్థ ఎంత విలువ ఇస్తున్నదని. ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఇరవై ఒకటో ఏట

పెద్దవాడిగా విచారించి శిక్షించినా, ఇరవై ఒక్క ఏళ్లు నిండేవరకు జైలుకు పంపకూడదని సెక్షన్ 19 అంటుంది. అప్పటివరకు సురక్షిత స్థలంలో (ఇలాంటివారి కోసం జైలుకు వేరుగా ఉండే నిర్బంధ కేంద్రంలో) ఉంచి, చదువు, వృత్తి శిక్షణ, కౌన్సెలింగ్ ఇవ్వాలి. వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి, ఏటా పురోగతి నివేదిక రావాలి. ఇరవై ఒకటి నిండినప్పుడు సెక్షన్ 20 కింద న్యాయస్థానం అతన్ని మళ్లీ చూసి, మారాడనుకుంటే మిగిలిన శిక్షాకాలానికి షరతులతో, పర్యవేక్షణ కింద విడుదల చేయవచ్చు. లేదనుకుంటే జైలుకు పంపుతుంది. చట్టం మొత్తంలో నాకు అత్యంత వివేకవంతంగా కనిపించేది ఈ సెక్షనే. దీని గురించి మాట్లాడేవారు మాత్రం తక్కువ.

మా బాలుడికి అప్పటికి సుమారు మూడేళ్ల తొమ్మిది నెలల నిర్బంధం పూర్తయింది. మొదటి రెండున్నరేళ్లలో అతను ఏం చేశాడో చెప్పే రికార్డు దాదాపు ఏమీ లేదు. శిక్ష పడ్డాక వచ్చినది ఒక్క వార్షిక నివేదిక. దూరవిద్యలో ఇంటర్ పూర్తి చేశాడని, విద్యుత్ పనిలో శిక్షణ పొందాడని, ఒకసారి గొడవలో ఇద్దరిని విడదీశాడని అందులో ఉంది. ఈసారి నిపుణురాలు అతనితో మూడు విడతలు మాట్లాడారు. 2022 ఆరంభంలో వాదనల రోజున న్యాయమూర్తి అతన్ని ముందుకు పిలిచి, చేసిన పని గురించి ఇప్పుడేమనుకుంటున్నావని అడిగారు. "వాళ్ల తమ్ముడు నా చెల్లి క్లాసే సార్. మా చెల్లి బడి మార్చింది. వాడు ఆ బడిలోనే ఉన్నాడో, మానేశాడో తెలీదు. ఇంట్లో సంపాదించేది అన్నే" అన్నాడు. క్షమించమని అడుగుతాడని నేను ఎదురుచూశాను, అతను అడగలేదు. తన పోటు ఎంతదూరం వెళ్లిందో లెక్క చూసుకుంటున్నాడు. సుప్రీంకోర్టు కొన్ని నెలల తర్వాత రాయబోయే "పర్యవసానాలు" ఇవే. పదిహేడేళ్లప్పుడు అవి అతనికి తెలియవు, ఇరవై ఒకటికి తెలుసు.

ఆ వీధిలో అడుగు పెట్టకూడదు, నెలకొకసారి పర్యవేక్షణాధికారి ముందు హాజరు కావాలి అన్న షరతులతో మిగిలిన కాలానికి విడుదల చేశారు.

నా అభిప్రాయం

పదిహేడేళ్లవాడు ప్రాణం తీస్తే శిక్ష వద్దని నేను అనను. ఘోరమైన హింసకు మూడేళ్లు చాలని సందర్భాలు ఉంటాయి. పథకం వేసి, డబ్బు కోసమో అత్యాచారం కోసమో ప్రాణం తీసినవారి తరఫున కూడా నేను నిలబడ్డాను, ఆ మూడేళ్ల పరిమితిని అక్కడ సమర్థించడం నాకే కష్టమైంది. కానీ ప్రస్తుత చట్టం హత్య విషయంలో ఒక పక్క మూడేళ్లు, మరో పక్క జీవిత ఖైదు పెట్టి, మధ్యలో ఏమీ ఉంచలేదు. విడుదలకు అవకాశం లేని జీవిత ఖైదును, మరణశిక్షను సెక్షన్ 21 నిషేధిస్తుంది, అంతవరకే. ఇంత పెద్ద అగాధాన్ని దాటించే నిర్ణయాన్ని, నేరం రుజువు కాకముందే, ఎఫ్ఐఆర్‌లోని సెక్షన్ నంబరు ఆధారంగా, ఒక పేజీ నివేదికతో తీసుకోమంటుంది. బాలుడిని నిర్దోషిగా భావించాలని అదే చట్టం సెక్షన్ 3లో చెబుతూ, అతను ఆ నేరం చేశాడనుకుని పరిస్థితులు అంచనా వేయమని సెక్షన్ 15లో చెప్పడం ఒకదానితో ఒకటి పొసగదు.

మొదట బాల న్యాయ వ్యవస్థలోనే విచారణ జరగాలి. ఏ నేరం రుజువైందో తేలాక, ఘోర నేరమైతే ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసు వరకు సురక్షిత స్థలంలో ఉంచే అధికారం న్యాయస్థానానికి ఉండాలి. విడుదల ఎప్పుడన్నది ఏటా వచ్చే నిజమైన నివేదికల మీద, సెక్షన్ 20 తరహా పరిశీలన మీద ఆధారపడాలి. మృతుల కుటుంబం మాట ఆ దశలో వినాలి, పరిహారం గురించి వారికి మొదటి వాయిదాలోనే చెప్పాలి. ఇందుకు ఖర్చవుతుంది. ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక సురక్షిత స్థలం ఉండాలని సెక్షన్ 49 చెబుతుంది గాని, నేను చూసినచోట అది పరిశీలక గృహం ఆవరణలోనే తాళం వేసిన రెండు గదులు. అక్కడ మార్పు జరిగితే అది ఆ బాలుడి అదృష్టం, ఆ ప్రొబేషన్ అధికారి ఓపిక.

తర్వాత

ఏడేళ్ల శిక్షాకాలం 2025 ఫిబ్రవరిలో ముగిసింది. అప్పీలు అప్పటికి తుది వాదనలకు రాలేదు. పెద్దవాడిగా దోషి అని తేలినందున, దోషిగా తేలడం వల్ల వచ్చే అనర్హతల నుంచి మిగిలిన బాలలకు సెక్షన్ 24 ఇచ్చే మినహాయింపు ఇతనికి వర్తించదు, ఈ శిక్ష అతని పేరున ఉంటుంది. ఇప్పుడు మరో పట్టణంలో ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడు. గడువు ముగిసిన వారం నాకు ఫోను చేసి, "ఇప్పుడు మా వీధికి వెళ్లొచ్చా సార్?" అని అడిగాడు. షరతులు ముగిశాయి కాబట్టి చట్టప్రకారం అడ్డు లేదన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, వాళ్లమ్మ ఇంకా అదే ఇంట్లో ఉందేమో కనుక్కోగలరా అని అడిగాడు. కనుక్కున్నాను. ఉంది. అతను వెళ్లలేదు.